ఇల్లు కట్టి... టీవీలో చూడు!

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దవాళ్ళు. పెళ్ళిళ్ళ మీద మన టీవీలో కావలసినన్ని సీరియళ్ళు వచ్చాయి. ఇల్లు కట్టడం మీద మాత్రం పెద్దగా ఏమీ రాలేదు. బ్రిటన్‌లో అలా కాదు. అక్కడ ఇల్లు కట్టే మనుషుల మీదే ఒక కార్యక్రమం 1999లో మొదలై పాతికేళ్ళు దాటినా నడుస్తోంది. పేరు 'గ్రాండ్ డిజైన్స్'. ఛానల్ 4లో వస్తుంది. కెవిన్ మెక్‌క్లౌడ్ అనే ఆయన దాన్ని మొదటి నుంచీ నడిపిస్తున్నాడు.

చూడనివాళ్ళ కోసం కథ టూకీగా చెప్తాను, ఎందుకంటే ప్రతి ఎపిసోడ్‌కీ కథ దాదాపు ఒకటే. ఒక జంట ఖాళీ స్థలంలో నిలబడి ఉంటారు. చేతిలో ప్లాన్ ఉంటుంది. కెవిన్ వచ్చి రెండే ప్రశ్నలు అడుగుతాడు: బడ్జెట్ ఎంత, ఎప్పటికి పూర్తవుతుంది? వాళ్ళు చెప్పిన జవాబు విని కనుబొమలు ఎగరేస్తాడు. తర్వాత వాన పడుతుంది, తవ్విన గుంటలో నీళ్ళు నిలుస్తాయి, రావలసిన కిటికీలు రావు, బ్యాంకు డబ్బు అయిపోతుంది. చివరికి ఏడాదికో మూడేళ్ళకో ఇల్లు లేస్తుంది. కెవిన్ మళ్ళీ వచ్చి గదులన్నీ తిరిగి నాలుగు మంచి మాటలు చెప్తాడు. అంతే!

ఇంత మాత్రానికి అంతమంది ఎందుకు చూస్తారు? ఎందుకంటే అక్కడ సొంతంగా ఇల్లు కట్టుకోవడం అరుదు. బ్రిటన్‌లో కొత్త ఇళ్ళు ఎక్కువ భాగం పెద్ద బిల్డర్లు కట్టి అమ్మేవే. వీధంతా ఒకే అచ్చులో పోసినట్టు ఉంటుంది. తన ఇంటి ప్లాన్ తనే గీయించుకుని, దగ్గరుండి కట్టించుకోవడం అక్కడ చాలామందికి కల. దాన్నే 'సెల్ఫ్ బిల్డ్' అంటారు. అంటే ఇటుకలన్నీ తనే పేర్చాలని కాదు. స్థలం, ప్లాన్, డబ్బు, పనివాళ్ళు అన్నీ ఇంటి యజమాని బాధ్యతే. మధ్యలో బిల్డర్ ఉండడు. కొందరు నిజంగా తమ చేతులతోనే కడతారు కూడా.

మనం ఇంజనీరింగ్ వాళ్ళం కాబట్టి ఇంటి అందం పక్కన పెట్టి ఇంకో ప్రశ్న అడుగుదాం. టీవీ రాజేసిన ఈ ఉత్సాహం నిజంగా ఇళ్ళుగా మారిందా? మారినచోట ఏం కలిసొచ్చింది? మారనిచోట ఏం దెబ్బతీసింది?

అడవిలో ఇల్లు, కొండ అంచున ఇల్లు

ఆ కార్యక్రమంలో ఎక్కువమంది ప్రేమించిన ఇళ్ళలో ఒకటి బెన్ లా అనే ఆయనది. ఎపిసోడ్ 2003లో వచ్చింది. ఆయన ఇంగ్లండ్‌లోని ససెక్స్ ప్రాంతంలో చెస్ట్‌నట్ అడవిని చూసుకుంటూ, అక్కడే ఏళ్ళ తరబడి గుడారం, క్యారవాన్‌లాంటి వాటిలో బతికినవాడు. ఇంటికి కావలసిన దుంగలు ఆ అడవిలోవే. వాటిని కోసి చదరం చేయకుండా, గుండ్రటి దుంగలుగానే ఫ్రేమ్ కట్టి నిలబెట్టాడు. గోడల్లో గడ్డి మోపులు. స్నేహితులు, వాలంటీర్లు వచ్చి చెయ్యేశారు. ఖర్చు సుమారు 28,000 పౌండ్లు, అంటే అప్పటి లెక్కలో 20 లక్షల రూపాయల పైచిలుకు. బ్రిటన్‌లో ఇల్లంటే ఇది చాలా చవక. కెవిన్ కూడా తనకు బాగా నచ్చిన ఇళ్ళలో ఇదొకటని చాలాసార్లు చెప్పాడు.

ఇంకో ఇల్లు డెవాన్ తీరంలోని క్రాయిడ్ దగ్గర, సముద్రం మీదికి వంగిన కొండ అంచున, లైట్‌హౌస్ ఆకారంలో కట్టింది. ఎపిసోడ్ 2019లో వచ్చింది. చాలామంది ప్రేక్షకులు దాన్ని ఆ కార్యక్రమంలోకెల్లా విషాదమైన ఎపిసోడ్ అన్నారు. ఏడాదిన్నరలో అయిపోతుందనుకున్న పని పదేళ్ళు దాటింది. అప్పు కొన్ని మిలియన్ పౌండ్లకు చేరింది. ఏళ్ళ తరబడి అక్కడ నిలబడి ఉన్నది కాంక్రీటు, ఇనుము అస్థిపంజరం మాత్రమే.

ఇద్దరికీ ఉత్సాహం తక్కువేం కాదు. మొండితనం కూడా సమానమే. తేడా ఎక్కడుంది? బెన్ లాకి నేల తెలుసు, చెట్టు తెలుసు, ఆ దుంగ ఎంత బరువు మోస్తుందో తెలుసు. తన దగ్గర ఉన్నదాంట్లోంచే ఇంటి ఆకారం వచ్చింది. రెండోచోట ఆకారం ముందు వచ్చింది. దానికి తగ్గ నేలనీ డబ్బునీ తర్వాత వెతుక్కోవలసి వచ్చింది. కొండ అంచున, ఉప్పుగాలిలో, రాయి దొరికేదాకా పునాది తీసుకెళ్ళడం అంటే మాటలా!

టీవీ కెమెరాకి పునాది నచ్చదు. గుంట తవ్వడం, కాంక్రీటు పోయడం రెండు నిమిషాల్లో అయిపోతాయి. గాజు గోడలు, మెట్లు, వంటగది మాత్రం పది నిమిషాలు చూపిస్తారు. డబ్బు, కాలం పోయేది మాత్రం చాలాసార్లు ఆ రెండు నిమిషాల దగ్గరే.

సెగల్ పద్ధతి: ఎవరైనా కట్టగలిగేలా

టీవీ రాకముందే ఈ చిక్కుముడి విప్పడానికి ప్రయత్నించిన ఆర్కిటెక్ట్ ఒకాయన ఉన్నాడు. పేరు వాల్టర్ సెగల్ (1907-1985). 1960ల మొదట్లో లండన్‌లో తన ఇంటిని పడగొట్టి మళ్ళీ కట్టుకోవలసి వచ్చింది. అందాకా కుటుంబం ఉండటానికి పెరట్లో ఓ తాత్కాలిక ఇల్లు వేశాడు. రెండు వారాల్లో, సుమారు 800 పౌండ్లతో అయిపోయింది. పెద్ద ఇంటి కంటే ఆ చిన్న ఇంటినే జనం వచ్చి చూడటం మొదలుపెట్టారు!

ఆయన చేసింది వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. మార్కెట్లో షీటు ఏ సైజులో దొరుకుతుందో గది కొలతలు ఆ సైజు ప్రకారమే పెట్టాడు. షీటు రెండడుగుల వెడల్పు ఉంటే గది ఆ రెండడుగుల గుణిజాల్లో ఉంటుంది. అతుకు దగ్గర స్తంభానికి రెండంగుళాల చోటు. దీంతో కోత తగ్గింది, వేస్టేజి తగ్గింది. కావాలంటే రేపు విప్పి అదే షీటు ఇంకోచోట వాడుకోవచ్చు. రెండో పని, తాపీ పని, ప్లాస్టరింగ్ పూర్తిగా తీసేశాడు. అనుభవం లేనివాడి చేతిలో పాడయ్యేది ఈ తడి పనే కదా. చెక్క ఫ్రేము, బోల్టులు, షీట్లు మాత్రమే మిగిలాయి. మూడోది పునాది. ఒక్కో స్తంభం కింద ఒక్కో చిన్న కాంక్రీటు దిమ్మె. నేల ఏటవాలుగా ఉంటే చదును చేయనక్కర్లేదు, ఆ వైపు స్తంభం పొడుగు పెంచితే చాలు. బరువంతా ఫ్రేమే మోస్తుంది కాబట్టి గోడలు ఎక్కడ కావాలంటే అక్కడికి జరుపుకోవచ్చు.

1970లలో లండన్‌లోని లూయిషామ్ కౌన్సిల్ దగ్గర కొన్ని స్థలాలు పడి ఉండేవి. వాలుగా ఉండి, నేల బాగోక మామూలు కట్టడాలకు పనికిరానివి. వాటిలో సెగల్ పద్ధతిలో, ఇళ్ళ కోసం వెయిటింగ్ లిస్టులో ఉన్న కుటుంబాలతోనే కట్టిద్దామని ప్రతిపాదన వచ్చింది. ఒకే ఒక్క ఓటు మెజారిటీతో అది గట్టెక్కింది. చాలామందికి కట్టడంలో ముందు అనుభవం లేదు. అయినా కట్టారు. వాటిలో 13 ఇళ్ళున్న ఒక వీధికి ఆయన పేరు మీదే 'వాల్టర్స్ వే' అని పేరు పెట్టుకున్నారు. అది పూర్తయ్యేనాటికి సెగల్ లేడు. ఇళ్ళు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. ఉన్నవాళ్ళు గదులు కలుపుకుంటూ, మార్చుకుంటూ వస్తున్నారు.

గ్రాండ్ డిజైన్స్ మొదటి సిరీస్‌లోనే దీని వారసత్వం కనిపిస్తుంది. బ్రైటన్‌లో కొన్ని కుటుంబాలు 'హెడ్జ్‌హాగ్' అనే సహకార సంఘంగా ఏర్పడి, కొండవాలు మీద సెగల్ తరహాలో 10 ఇళ్ళు కట్టుకున్నాయి. కోటీశ్వరుల గాజు మేడల కంటే ముందు ఆ కార్యక్రమం చూపించిన ఇళ్ళలో ఇవీ ఉన్నాయి.

ఒక వీధి మొత్తం టీవీకెక్కింది

ఇక అసలు ఉత్సాహం కథ. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో బిస్టర్ అనే చిన్న పట్టణం ఉంది. దాని పక్కన గ్రేవెన్ హిల్ అనే పాత మిలిటరీ స్థలం, 188 హెక్టార్లు. 2014లో స్థానిక చెర్‌వెల్ జిల్లా కౌన్సిల్ దాన్ని రక్షణ శాఖ దగ్గర కొనేసింది. మామూలుగా అయితే ఇలాంటి స్థలాన్ని పెద్ద బిల్డర్‌కి ఇచ్చేస్తారు. వీళ్ళు మాత్రం ప్లాట్లు వేసి, "ఎవరి ఇల్లు వాళ్ళే కట్టుకోండి" అన్నారు. అక్కడ మొత్తం 1,900 ఇళ్ళ దాకా రావచ్చని అంచనా. బ్రిటన్‌లో ఈ స్థాయి సెల్ఫ్ బిల్డ్ ప్రయత్నం అంతకు ముందు లేదు. మొదట వచ్చిన 10 ఇళ్ళ వాళ్ళను కొన్నేళ్ళు వెంటాడి తీసినదే 2019లో వచ్చిన 'గ్రాండ్ డిజైన్స్: ది స్ట్రీట్'.

వాళ్ళకి కౌన్సిల్ ఏం చేసిపెట్టిందో చూడండి. మనం నేర్చుకోవలసింది ఇక్కడే ఉంది.

ఒకటి, కాగితం. ప్రతి ప్లాటుకీ 'ప్లాట్ పాస్‌పోర్ట్' అని చిన్న పత్రం ఇచ్చారు. ఎంత ఎత్తు కట్టొచ్చు, సరిహద్దు నుంచి ఎంత వదలాలి, ఎంత విస్తీర్ణం, అంతా అందులోనే. ఆ హద్దుల్లో ఉంటే మీ ఇష్టం. అనుమతి 28 రోజుల్లో తేలిపోతుంది. మామూలు దారిలో వెళ్తే నెలలు పడుతుంది, వస్తుందన్న గ్యారంటీ కూడా ఉండదు.

రెండు, నేల. రోడ్లు, డ్రైనేజీ, కరెంటు, నీళ్ళ లైన్లు ప్లాటు దాకా వాళ్ళే తెచ్చారు. మొదట్లో పునాది కూడా వాళ్ళే వేసి ఇచ్చారు. దీన్ని 'గోల్డెన్ బ్రిక్' అంటారు. పునాది దాటి నేల మీదికి ఇటుక వరస లేచిందంటే, అక్కడి పన్ను చట్టం దృష్టిలో అది ఖాళీ స్థలం కాదు, కడుతున్న కొత్త ఇల్లు. కొత్త ఇంటికి వ్యాట్ సున్నా. అంటే ఒకే దెబ్బకి రెండు లాభాలు: పన్ను మిగిలింది, భూమి కింద ఏముందో అన్న భయం ఇంటివాడి నెత్తి మీద నుంచి దిగిపోయింది.

ఫలితం ఏంటంటే, కోట్లున్నవాళ్ళే కాదు, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, రిటైరైనవాళ్ళు కూడా దిగారు. ఒక ఇంటికీ పక్క ఇంటికీ పోలిక లేదు. అక్కడా బడ్జెట్లు దాటాయి, ఆలస్యాలు అయ్యాయి. ముందు వచ్చినవాళ్ళు చుట్టూ పని జరుగుతుంటే ఆ దుమ్ములోనే కాపురం పెట్టారు. కానీ ఒకే కష్టంలో ఉన్న పదిమంది పక్కపక్కనే ఉండటం వల్ల పనిముట్లు, సలహాలు చేతులు మారాయి. ఇల్లు పూర్తయ్యేసరికి ఇరుగుపొరుగు కూడా తయారైంది.

ఇదే సమయంలో చట్టం కూడా మారింది. 2015లో వచ్చిన సెల్ఫ్ బిల్డ్ చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లో కౌన్సిళ్ళు సొంతంగా కట్టుకోవాలనుకునేవాళ్ళ పేర్లతో రిజిస్టర్ పెట్టాలి. 2016 చట్టం ఇంకో అడుగు వేసి, ఆ డిమాండ్‌కి సరిపడా ప్లాట్లకు అనుమతులివ్వాలంది. అంటే టీవీ చూసి పుట్టిన కోరికకి ఒక లెక్క, ఒక దారి ఏర్పడ్డాయి.

మరి మన దగ్గర?

ఇక్కడికొచ్చేసరికి నాకు నవ్వొచ్చింది. వాళ్ళు చట్టాలు చేసి, టీవీలో చూపించి ప్రోత్సహించే పని మన ఊళ్ళలో ప్రతి వీధిలోనూ జరుగుతోంది. స్థలం మనది, ప్లాన్ మేస్త్రీది, సిమెంటు తెచ్చేది నాన్న, గోడలకు నీళ్ళు కొట్టేది మనం. హైదరాబాద్, విజయవాడ అపార్ట్‌మెంట్లు వదిలేస్తే మనలో చాలామంది పెరిగినది సెల్ఫ్ బిల్డ్ ఇళ్ళలోనే. ఆ పేరు మనకు తెలియదంతే.

తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ళ పథకమే తీసుకోండి. స్థలం ఉన్న పేద కుటుంబానికి 5 లక్షలు దశలవారీగా ఇస్తారు, ఇల్లు వాళ్ళే కట్టుకోవాలి. బేస్‌మెంట్ అయితేనే మొదటి లక్ష. అంటే మొదటి దశ, నేలలోకి పోయే డబ్బు, ముందు ఆ కుటుంబమే అప్పో సొప్పో చేసి పెట్టుకోవాలి. గ్రేవెన్ హిల్‌లో పునాది వాళ్ళు వేసిచ్చారు, ఇక్కడ పునాది వేస్తేనే సాయం మొదలవుతుంది. రెండు పద్ధతులకూ కారణాలు ఉన్నాయి. డబ్బు తీసుకుని ఇల్లు కట్టనివాళ్ళు ఉంటారన్న భయం కూడా నిజమే. కానీ రిస్కు ఎవరి నెత్తిన పడుతోందో మాత్రం గమనించాలి.

కాగితం విషయంలో మనం మరీ వెనకేం లేము. తెలంగాణ 2020లో తెచ్చిన టీఎస్-బీపాస్ చట్టంతో 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టడానికి పర్మిషన్ అక్కర్లేదు, ఒక్క రూపాయితో రిజిస్టర్ చేసుకుంటే చాలు.

అసలు కొరత నేల దగ్గరే. మన దగ్గర నల్లరేగడి ఉన్న ఊళ్ళు బోలెడు. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం చెయ్యి పట్టేంత పగుళ్ళు ఇస్తుంది. పైన ఇల్లు కూడా దాంతోపాటే లేస్తూ దిగుతూ చివరికి గోడ పగులుతుంది. దీనికోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అండర్-రీమ్డ్ పైల్స్ అభివృద్ధి చేసింది. అడుగున గంట ఆకారంలో వెడల్పయ్యే పైల్ అన్నమాట, ఉబ్బూ తగ్గూ లేని లోతు దాకా దిగి ఇంటిని పట్టుకుంటుంది. మనం దీన్ని పరీక్షకి బొమ్మ వేసి ఐదు మార్కులు తెచ్చుకుంటాం. ఊళ్ళో మాత్రం పక్కింటివాళ్ళు ఎంత తవ్వారో మనమూ అంతే.

ఇది ఎవరినో అనడం కాదు, మా ఇంటి సంగతే చెప్తాను. మా ఇల్లు కట్టేటప్పుడు నేను నాలుగో తరగతి. బేస్‌మెంట్ ఇంకో అడుగున్నర లేపుదామని మేస్త్రీ అన్నాడు. దానికి మట్టి, రాయి, కూలీ కలిపి ఖర్చు అవుతుందని నాన్న ఒద్దన్నారు. ఆ మిగిలిన డబ్బుకి ఇంకొంచెం కలిపి ముందు పెద్ద ఇనుప గేటు పెట్టించారు. గృహప్రవేశం రోజు వచ్చినవాళ్ళంతా గేటునే మెచ్చుకున్నారు. తర్వాత మా వీధిలో సిమెంటు రోడ్డు వేశారు, ఆ పైన మళ్ళీ ఇంకోసారి వేశారు. ఇప్పుడు రోడ్డే మా వాకిలి కంటే ఎత్తు. గట్టి వాన పడిన రాత్రి అమ్మ బియ్యం డ్రమ్ము మంచం మీదికి ఎక్కిస్తుంది. గేటు మాత్రం ఇప్పటికీ బాగుంది.

నాన్నది తప్పనడం తేలికే. కానీ ఆయన చేసింది టీవీ కెమెరా చేసేదే కదా! కంటికి కనపడేదాని మీద పెట్టారు. కనపడనిదాని మీద ఎందుకు పెట్టాలో ఆయనకి లెక్కతో చెప్పినవాళ్ళు లేరు. మేస్త్రీకి అనుభవం ఉంది, కానీ "అట్ల చేస్తే మంచిది సారూ" అని మాత్రమే చెప్పగలిగాడు. రోడ్డు మళ్ళీ వేసినప్పుడల్లా మట్టం ఎంత పెరుగుతుంది, నీళ్ళు ఎటు పారతాయి అని గీసి చూపిస్తే నాన్న వినేవారేమో.

అందుకే నాకు అనిపించేది ఇది. ఉత్సాహం మనకు కొదవలేదు. సెగల్ చేసినా, గ్రేవెన్ హిల్ చేసినా, ఉత్సాహం ఉన్నవాడి ముందు నుంచి నాలుగు గుంటలు పూడ్చడమే: నేల, కొలత, కాగితం, డబ్బు. ఆ నాలుగూ సర్దుకుంటే మామూలు మనిషి కూడా కట్టేస్తాడు. సర్దుకోకపోతే డబ్బున్నవాడు కూడా మునిగిపోతాడు.

ఈ సెలవుల్లో మీ ఊళ్ళో ఎవరైనా ముగ్గు పోస్తుంటే ఓసారి వెళ్ళి నిలబడండి. మేస్త్రీతో వాదనకి మాత్రం దిగకండి, ఆయన కట్టినన్ని ఇళ్ళు మనం చూసి కూడా ఉండం. నాలుగే అడగండి. నేల ఏ రకం, గుంట తవ్వితే ఎంత లోతులో గట్టి పొర తగిలింది? రోడ్డు మట్టం నుంచి బేస్‌మెంట్ ఎంత ఎత్తు, రోడ్డు ఇంకో అడుగు లేస్తే ఏంటి సంగతి? గది కొలతలు వాడే టైల్సు, తలుపుల సైజులకు సరిపోతున్నాయా? స్లాబు పడ్డాక చేతిలో ఎంత డబ్బు ఉంటుంది? జవాబు లేని ప్రశ్న దగ్గర మన పుస్తకం తెరవొచ్చు, మన సార్లను అడగొచ్చు.

పోయిన సంక్రాంతికి మా బాబాయి ఇల్లు మొదలుపెట్టాడు. నాన్న వెళ్ళి, ఎవరూ అడగకుండానే, "గేటు సంగతి తర్వాత చూద్దువు గానీ, ముందు బేస్‌మెంట్ రోడ్డు కంటే మూడడుగులు లేపు" అని చెప్పి వచ్చారు. మేస్త్రీ నా వైపు తిరిగి, "ఇంజనీరు సారు ఏమంటడు?" అన్నాడు నవ్వుతూ. నేను టేపు తీసి రోడ్డు దగ్గరికి నడిచాను.